విరిగిపోతుంది బాబాయ్

ఈ లోకంలో విరగనిది ఒకటుందని బాబాయ్ చేత ఒప్పించిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా దాన్ని తలకిందులు చేసి, వేలితో ఓసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, నిట్టూర్చి, ఒకటే మాట అంటాడు: "విరిగిపోతుంది." గాజుదైతే పగిలిపోతుంది, గుడ్డదైతే చిరిగిపోతుంది, తాడైతే తెగిపోతుంది. ఈ విషయంలో ఆయన మహా నిక్కచ్చి మనిషి. దేనికి ఏ చావు రాసిపెట్టి ఉందో ఆ చావే చెబుతాడు తప్ప ఒకదాని చావు తెచ్చి ఇంకొకదానికి అంటగట్టడు.

ఇలాంటి మాటలు ఏ కాటికాపరో అంటే చెల్లుతుంది. బాబాయ్ బ్యాటరీ సైకిళ్ళు అమ్ముకుని బతికే మనిషి. సన్నటి సందులో, వానొస్తే చూరు నీళ్ళు సరిగ్గా గడప మీదే కారే చీకటి కొట్టు ఆయనది. అందులో బేరం కుదిర్చేది ఆయన అన్న కూతురు. చెడగొట్టేది ఆయన.

"ఈ బండి ఎన్నాళ్ళు వస్తుందండీ?" అని ఎవరైనా అడుగుతారు.

అమ్మాయి నోరు తెరిచేలోపే లోపలి నుంచి, రిమ్ముల గుట్ట వెనక నుంచి, బావిలోంచి వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. "వచ్చినన్నాళ్ళు వస్తుంది. తర్వాత విరిగిపోతుంది."

"గ్యారంటీ ఏమైనా ఉందా?"

"ఉంది. విరిగిపోతుందని నాది గ్యారంటీ."

కొనడానికి వచ్చినవాడు అమ్మాయి వంక జాలిగా చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు. అమ్మాయి తల పట్టుకుని కూర్చుంటుంది. బాబాయ్ మటుకు ఓ మనిషిని మోసపోకుండా కాపాడినంత తృప్తిగా తన పనిలో పడతాడు. ఆయన చూడ్డానికి ఎండు పుల్లలా ఉంటాడు. తన మీద తనకూ పెద్ద నమ్మకం ఉన్నట్టు కనిపించదు. దగ్గొస్తే పక్కటెముకలు ఒక చేత్తో పట్టుకుని దగ్గుతాడు.

ఇంట్లోనూ ఇదే వరస. పిన్ని కొత్త నిచ్చెన కొంటే, దాన్ని ఎక్కుతూ మెట్టుమెట్టుకీ "ఇది విరిగిపోతుంది, ఇదీ విరిగిపోతుంది" అని లెక్క చెబుతూ ఎక్కాడు. పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు అటుగా వచ్చి "విరిగిపోతాయి" అన్నాడు, విరిగిపోయాయి. ఆయన నాలుక మీద పుట్టుమచ్చ ఉందని, అన్నది అన్నట్టే జరుగుతుందని చుట్టాలందరి నమ్మకం. ఓసారి పిన్ని ఆయన చేత నాలుక బయటపెట్టించి, వెలుతుర్లో నిలబెట్టి వెతికింది కూడా. మచ్చ కనిపించలేదు. "లోపలెక్కడో ఉండి ఉంటుంది" అన్నారు చుట్టాలు.

ఈ నమ్మకానికి మూలం కుర్చీ కథ. పెళ్ళికి ముందు సంగతి. పిన్ని వాళ్ళ నాన్నగారి సైకిలు చక్రం వంకర పోతే సరిచేయడానికి బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళాడు. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. పని ముగించి చేతులు తుడుచుకుంటూ, మధ్యలో ఖాళీగా ఉన్న ఒక కుర్చీ వంక చూసి, "అది విరిగిపోతుందండీ, పుచ్చు కర్ర" అన్నాడు ఊరంతా వినిపించేలా. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి పిన్ని వచ్చి అందులో కూర్చుంది. దాని నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులు చూశాయి. ఆ నోటికి జడిసే పిల్లనిచ్చారని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఆ కథ వచ్చినప్పుడల్లా పిన్ని మటుకు చేస్తున్న పని చేసుకుంటూ ఉంటుంది.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. పగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. గోడలు చెమ్మగిల్లాయి, పనిముట్లు జిగటగా తయారయ్యాయి, కొట్టు ముందు బురద ఆరింది లేదు. ఎవరైనా వచ్చినా గొడుగు మడిచేలోపే బాబాయ్ మాట విని మళ్ళీ తెరిచేవాళ్ళు. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే కొట్టుకే ఆ మాట వర్తిస్తుందని అమ్మాయికి దిగులు పట్టుకుంది. అలాంటి రోజుల్లో, ఓ మధ్యాహ్నం, గుట్ట మీది ఆసుపత్రి వంటావిడ బండి తోసుకుంటూ వచ్చింది.

ఆవిడ భారీ మనిషి. గుమ్మం వెడల్పుగానే ఉన్నా, అలవాటు కొద్దీ పక్కకు తిరిగి లోపలికి వచ్చింది. బండి వెనక చక్రం తాగినవాడిలా ఊగుతోంది. కొట్టులో ఉన్న బల్ల చూపించి అమ్మాయి, "కూర్చోండి ఆంటీ" అంది.

"వద్దులేమ్మా, నిలబడే ఉంటాను. రోజంతా నిలబడే అలవాటేగా."

రోగులకు పొద్దున్నే జావ కాచాల్సింది ఆవిడే. తెల్లారకముందే గుట్ట ఎక్కాలి. ఆ వేళకు ఉన్న ఒక్క బస్సూ తీసేశారు. ఎవరో చెబితే బ్యాటరీ సైకిలు కొనుక్కుంది. కొన్న దగ్గర్నుంచీ వెనక చక్రం స్పోకులు తెగుతూనే ఉన్నాయి. తెగిన రోజల్లా ఆలస్యం.

"సోమవారం నుంచి ఒక్క రోజు ఆలస్యమైనా పొద్దుటి పొయ్యి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామన్నారు మా పై ఆయన. ఆ పొయ్యి పోతే నాకింక అక్కడ పని లేదమ్మా."

"బండి కొన్నచోట అడగలేదా?" అంది అమ్మాయి.

"అడిగాను. మీకు కావాల్సింది బండి కాదండీ, లారీ అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు." ఆవిడ కాస్త ఆగి, "నేనూ నవ్వాను" అంది.

అమ్మాయి నాలుగు మంచి మాటలు చెబుదామని కూడదీసుకునేలోపే బాబాయ్ రిమ్ముల వెనక నుంచి వచ్చేశాడు. బండి వెనక భాగం పైకెత్తి చక్రం తిప్పాడు. స్పోకుల్ని ఒక్కొక్కటే వీణ తీగల్లా మీటుతూ, చెవి ఆనించి విన్నాడు. నిట్టూర్చాడు.

"విరిగిపోతుంది."

భూమి చీలితే అందులో దూరిపోవాలనిపించింది అమ్మాయికి.

"నా బరువుకేనా అన్నయ్యా?" అంది వంటావిడ నెమ్మదిగా.

"మీకూ దానికీ ఏం సంబంధమమ్మా?" బాబాయ్ ఆవిడ వంక చూడను కూడా లేదు, చక్రం వంకే కోపంగా చూస్తున్నాడు. "ఈ చక్రం పిల్లి ఎక్కినా విరిగిపోతుంది. మోటారు దీని మధ్యలోనే పెట్టారా, మోసేదీ ఇదే, తోసేదీ ఇదే. అంత పని చెప్పి, స్పోకులేమో దారప్పోగుల్లాంటివి వేశారు. వేసినవైనా బిగించారా అంటే అదీ లేదు. బరువుకు విరిగే చక్రాలు తక్కువమ్మా, వదులుకు విరిగేవే ఎక్కువ. ఇంట్లో ఒకడు పని ఎగ్గొడితే మిగతావాళ్ళ నడుములు పడిపోవూ? ఇదీ అంతే."

"అయితే నాలాంటివాళ్ళు ఈ బండి ఎక్కకూడదనేం లేదా?"

"మంచి రిమ్ము, లావు స్పోకులు, వెడల్పు టైరు వేసి, సమంగా బిగిస్తే ఎవరైనా ఎక్కొచ్చు. సోమవారానికి కట్టి ఇస్తాను."

ఆవిడ ముఖం వెలిగింది. "అది ఆగుతుంది కదా అన్నయ్యా?"

"అదీ విరిగిపోతుంది" అన్నాడు బాబాయ్, పాత చక్రం ఊడదీస్తూ.

ఆ వారమంతా ఆయన వేరే పని ముట్టలేదు. అటక మీద దాచుకున్న, లోపలా బయటా రెండు గోడలున్న గట్టి రిమ్ము దించాడు. స్పోకుల్ని ఒక్కొక్కటే వెలుగుకు పెట్టి, పెళ్ళికొడుకును చూసినట్టు వెనకా ముందూ చూసి, పనికిరానివి పక్కన పారేశాడు. కట్టాడు, మీటాడు, నచ్చక విప్పాడు, మళ్ళీ కట్టాడు. భోజనానికి పిలిస్తే, "ఇదిగో వస్తున్నా" అని మధ్యాహ్నం పిలుపుకు సాయంత్రం వెళ్ళాడు.

చక్రం కట్టాక దాన్ని పరీక్షించాలి. బాబాయ్ ఎక్కితే చక్రానికి ఎవరో ఎక్కారని తెలియను కూడా తెలియదు. అందుకని పక్క కొట్టు దర్జీని పిలిచాడు. దర్జీ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఆ సంగతి గర్వంగా చెప్పుకునే మనిషి.

"నేనెక్కితే విరుగుతుందంటావా?" అన్నాడు మీసం సవరించుకుంటూ.

"విరుగుతుంది."

"అయితే ఎక్కి తీరాల్సిందే."

దర్జీ ఎక్కాడు. వెనక ఇసుక బస్తా కట్టారు. చాలదని ముందు ఇంకోటి కట్టారు. ఆ వానలో, ఆ బురదలో, దర్జీ సందు పొడవునా అటూ ఇటూ తిరుగుతుంటే, వెనకాల బాబాయ్ ఒంగి చక్రానికి చెవి ఒగ్గి పరిగెత్తాడు. గుంట వచ్చినప్పుడల్లా, "ఆ గుంటలో దింపు, ఇప్పుడు విరుగుతుంది" అంటున్నాడు ఆశగా. చక్రం విరగలేదు. దర్జీకే నడుం పట్టేసింది.

"చూశావా, విరగలేదు!" అంది అమ్మాయి గుమ్మంలో నిలబడి.

"ఇవాళ్టికి" అన్నాడు బాబాయ్ దిగులుగా, తల తుడుచుకుంటూ.

ఆదివారం వంటావిడ వచ్చింది. బండి ఎక్కి సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది. దిగి, చక్రం వంక అపనమ్మకంగా చూస్తూ నిలబడింది. బయట వాన జోరందుకుంది.

"అన్నయ్యా, ఒక్కసారి విరగదని చెప్పండి. అబద్ధమైనా ఫర్వాలేదు. ఇవాళ నిద్రైనా పడుతుంది."

బాబాయ్ చక్రం వంక చూశాడు. వాన వంక చూశాడు. అమ్మాయి ఆయన వెనక నిలబడి, ఈ ఒక్కసారికి ఆ నాలుక అటు తిరిగితే చాలని మనసులోనే మొక్కుకుంటోంది.

"విరిగిపోతుందమ్మా" అన్నాడు బాబాయ్. "కట్టింది నేను. విరిగితే నన్ను తిట్టుకోండి. ఎవరైనా అడిగితే, కట్టినవాడు ముందే చెప్పాడని చెప్పండి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. తల ఊపి, బండి నడిపించుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది.

అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఒక్క మంచి మాట అంటే నీ నోరు అరిగిపోతుందా బాబాయ్?"

"అరిగిపోతుంది" అన్నాడు బాబాయ్, పనిముట్లు సర్దుతూ. అమ్మాయి గొడుగైనా తీసుకోకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

సోమవారం ఇంకా చీకటి ఉండగానే ఆమెకు మెలకువ వచ్చేసింది. వాన ఆగలేదు. ఆవిడ గుట్ట మధ్యలో చక్రం విరిగి, తడుస్తూ బండి తోసుకుంటూ వెళ్తున్నట్టే కళ్ళ ముందు కనిపించసాగింది. ఇక ఉండబట్టలేక బయల్దేరింది. గుట్ట కిందికి వెళ్ళేసరికి, మూసి ఉన్న పాల దుకాణం రేకు కింద ఎవరో నిలబడి ఉన్నారు. భుజానికి ఒక చక్రం తగిలించుకుని, చేతిలో ఓ పక్క వాలిపోయిన గొడుగుతో, పిట్టలా తడిసి ఉన్నాడు బాబాయ్.

"నువ్వేంటి ఇక్కడ?"

"గొడుగు విరిగిపోయింది" అన్నాడు బాబాయ్, అడిగినదానికి అదే జవాబన్నట్టు.

"ఆ చక్రమేంటి?"

"ఇంకోటి కట్టాను. అది విరిగిపోతే ఇది వేద్దామని."

అంతలోనే వంటావిడ బండి వచ్చింది. వానకోటులో, తల వంచుకుని, వీళ్ళను గమనించకుండా గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. మోటారు మూలుగుతోంది. సగం దూరం వెళ్ళిందో లేదో, వాన చప్పుడులోనూ స్పష్టంగా వినిపించింది. టింగ్!

బాబాయ్ గొడుగు పారేసి పరుగెత్తాడు, భుజం మీద చక్రం ఎగిరెగిరి పడుతోంది. కానీ పైన బండి ఆగలేదు. ఒక్క స్పోకు తెగింది, అంతే. మిగతావి దాని పని తలా కాస్త పంచుకున్నాయి. చక్రం కొంచెం తల ఊపుతూ, ఆవిణ్ణి ఆసుపత్రి గేటు దాకా మోసుకెళ్ళింది.

వీళ్ళిద్దరూ రొప్పుతూ చేరేసరికి గేటు కాపలావాడు ఒంగి చక్రాన్ని చూస్తున్నాడు. "మళ్ళీ తెగ్గొట్టారా మేడమ్! అది మటుకు ఏం చేస్తుంది పాపం, మీరు ఎక్కి కూర్చుంటే" అని నవ్వబోయాడు.

వంటావిడ నవ్వలేదు. తల కూడా వంచలేదు. "నేనేం తెగ్గొట్టలేదయ్యా. కట్టినాయన ముందే చెప్పాడు విరుగుతుందని. స్పోకులన్నాక తెగవూ?" అని, బండి గోడకు ఆనించి, వేళ మించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాపలావాడి నవ్వు మూతి మీదే ఎండిపోయింది.

బాబాయ్ గేటు పక్కన చతికిలబడి, జేబులోంచి కొత్త స్పోకు తీసి వేయడం మొదలుపెట్టాడు. "చూశావా? విరిగింది!" అన్నాడు, పరీక్షలో మొదటి తరగతి వచ్చినంత సంబరంగా. వంటావిడ అన్న మాట అమ్మాయి చెవిలో గింగురుమంటోంది. వంటింటి గొట్టంలోంచి పొగ లేచింది, పొద్దుటి పొయ్యి వెలిగింది.

ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ జరిగిందంతా పిన్నికి చెప్పింది అమ్మాయి. "ఆయన తిక్క ఈసారికి కలిసొచ్చింది, అంతే కదా పిన్నీ?"

పిన్ని తడిబట్టలు పిండుతోంది. పిన్నీ భారీ మనిషే. ఆ సంగతి అమ్మాయికి పుట్టినప్పట్నుంచీ తెలుసు, అయినా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే అవసరం ఈ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

"ఆ కుర్చీ ఉంది చూశావూ" అంది పిన్ని. "అది పుచ్చు కర్ర కాదే. కొత్తది. చుట్టాలొస్తున్నారని మా నాన్న అప్పుడే కొని తెచ్చాడు."

"మరి బాబాయ్ పుచ్చిందన్నాడని..."

"అన్నాడు. అందరూ కూర్చున్నారు, నేనొక్కదాన్నే గోడకానుకుని నిలబడ్డాను. అది ఒకటే ఖాళీ. ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ నవ్వుతారో అని నాకు భయం. మా అత్తయ్య, కూర్చోవే కూర్చోవే అని ఒకటే పోరు. మీ బాబాయ్ చేతులు తుడుచుకుంటూ నా వంక చూశాడు, కుర్చీ వంక చూశాడు, అంత గట్టిగా ఆ మాట అనేశాడు. తర్వాత అది విరగనే విరిగింది. నన్ను చూసి ఒక్కళ్ళైనా నవ్వితే ఒట్టు! పుచ్చు కర్ర అంటగట్టాడని మా నాన్న కుర్చీలవాణ్ణి సాయంత్రం దాకా తిట్టాడు."

"అప్పట్నుంచేనా ఈ మాట?"

"అప్పట్నుంచే. ఒక్క కుర్చీ మీదే అంటే ఎవరికైనా అనుమానం రాదూ? అందుకని అన్నిటి మీదా అంటాడు." పిన్ని చీర దులిపి తీగ మీద ఆరేసింది. "ఇదంతా నాకు తెలుసని ఆయనకు తెలియదు. నువ్వూ చెప్పకు."

అమ్మాయికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగి, ఆ రోజు బాబాయ్‌కి టీ తనే పెట్టి ఇచ్చింది. ఆయన కప్పు చెవి పట్టుకుని ఓసారి చూసి, "ఊడిపోతుంది" అన్నాడు.

నెల తిరిగాక వంటావిడ వచ్చింది. కొత్త చక్రం కొన్నాళ్ళు నడిచాక స్పోకులు సర్దుకుంటాయి, మళ్ళీ ఓసారి బిగించాలి. బాబాయ్ చక్రం లోపలికి తీసుకెళ్ళాడు. ఆవిడ అలవాటు ప్రకారం నిలబడింది. బల్ల వంక చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. బయట ముసురు అలాగే ఉంది.

"ఆంటీ, ఆ బల్ల విరిగిపోతుంది" అంది అమ్మాయి. "కాళ్ళు అసలు బాగాలేవు. నిన్న ఎవరో బక్కపల్చటి మనిషి కూర్చుంటేనే కిర్రుమంది."

వంటావిడ బల్ల వంక చూసింది. చువ్వల్లాంటి కాళ్ళు కాదు, సిమెంటులో పాతిన ఇనప కాళ్ళు. అమ్మాయి వంక చూసింది. ఆవిడ పెదాల మీద మెల్లగా నవ్వు మొలిచింది.

"విరిగితే విరగనీలే తల్లీ" అని, ఉస్సురంటూ హాయిగా కూర్చుంది.

తన మాట ఇంకొకళ్ళ నోట వినేసరికి బాబాయ్ స్పోకులు బిగించే కీ చేత్తో పట్టుకుని రిమ్ముల వెనక నుంచి వచ్చేశాడు. "ఎవరే విరిగిపోతుందన్నది? అది గట్టి ఇనప బల్ల. ఏనుగెక్కినా విరగదు!"

పక్క కొట్టులో దర్జీ మిషను ఆగింది, దర్జీ తల గుమ్మంలోకి వచ్చింది. బాబాయ్ అందరి వంకా చూశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ముఖం కందింది. గబగబా ఒంగి, బల్ల కాలు తట్టి, చెవి ఆనించి విని, నిట్టూర్చాడు.

"తుప్పు పడుతుంది" అన్నాడు.